పాప పాదాలు లోపలికి పెట్టి నడుస్తోంది, రాడ్ బూట్లు వేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి నాలుగేళ్లు నిండాయి. నడిచేటప్పుడు రెండు పాదాలూ లోపలికి తిప్పి పెడుతుంది. పరిగెడితే ఇంకా ఎక్కువ, తన కాలు తనకే తగిలి పడిపోతుంది, మోకాళ్లు గీరుకోని రోజు లేదు. కూర్చున్నా అంతే, మోకాళ్లు ముందుకి, పాదాలు చెరో పక్కకి పరిచి కూర్చుంటుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు. నడక వచ్చిన కొత్తలో ఇంత లేదు, ఏడాదిగా బాగా కనిపిస్తోంది. మా అత్తగారు కుడి చెప్పు ఎడమకి, ఎడమది కుడికి వేయమంటున్నారు. తెలిసినవాళ్లేమో మధ్యలో రాడ్ ఉన్న బూట్లు రాత్రిపూట వేస్తే సరిపోతుందన్నారు, వాళ్ల చుట్టాలబ్బాయికి అలాగే తగ్గిందట. ఐదు నెలల బాబు కూడా ఉన్నాడు, వాడి ఎడమ పాదం ముందు భాగం లోపలికి వంగినట్టుంది. మావారు చిన్నప్పుడు ఇలాగే నడిచేవారట, అంటే ఇది వంశంలోనే ఉందేమోనని భయంగా ఉంది. ఆలస్యం చేస్తే ఎముకలు ముదిరిపోయి ఇక తిరగవంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఉత్తరంలో ఒక వాక్యం మీరేదో మాటవరసకి రాసేశారు గానీ నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే. "మావారు చిన్నప్పుడు ఇలాగే నడిచేవారట" అన్నారు. నడుస్తారు అనలేదు, నడిచేవారట అన్నారు. అంటే ఆయన నడకలో ఇప్పుడు మీకే ఏ తేడా కనపడట్లేదు, పెద్దవాళ్లు చెబితే తప్ప ఆ సంగతే మీకు తెలియదు. మరి ఆయనకి ఏ వైద్యం చేయించారో మీ అత్తగారినే అడిగి చూడండి. చెప్పులు తిరగేసి వేశాను, అందుకే తగ్గింది అంటారేమో, అంటే అననివ్వండి, ఆ చెప్పుల సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. ఇద్దరు పిల్లలకీ ఒకటే జబ్బు అనుకుంటున్నారు మీరు. చూడటానికి రెండూ 'పాదం లోపలికి' అనే ఒక్క మాటలో పట్టేస్తాయి గానీ, బాబుది పాదంలో సంగతి, పాపది, మీరు రాసినదాన్ని బట్టి, తొడ ఎముకలో సంగతి. రెండిటికీ సంబంధం లేదు. పాదం లోపలికి తిరగడం అనేది జ్వరం లాంటిది, పైకి కనపడే లక్షణమే తప్ప జబ్బు పేరు కాదు. తుంటి నుంచి వేళ్ల దాకా కాలు ఒకటే గొలుసు, అందులో ఎక్కడ మెలి పడ్డా ఆఖరికి కనపడేది వేళ్ల దగ్గరే. అందుకే అందరూ పాదాన్ని చూసి పాదానికి వైద్యం మొదలుపెడతారు, బూట్లు మార్చడం, చెప్పులు తిరగేయడం, రాత్రిపూట పట్టీలు కట్టడం. మెలి ఉన్నది జానెడు పైన, ఒక్కోసారి మూరెడు పైన.

ఆ మెలి ఎక్కడుందో చాలావరకు ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పాపకి పొట్టి నిక్కరు వేయండి, కాళ్లకి ఏమీ వేయకండి. రెండు మోకాలి చిప్పల మీదా, సరిగ్గా మధ్యలో, స్కెచ్ పెన్నుతో పెద్ద చుక్క పెట్టండి. పిల్లలు దీన్ని ఆట అనుకుని నవ్వుతారు, మంచిదే. మీరు నేలమీద కూర్చుని, ఫోన్ పాప మోకాళ్ల ఎత్తులో పట్టుకుని, గదికి అటు చివర నుంచి మీ వైపు నడిచి రమ్మనండి. తర్వాత వెనక్కి వెళ్తున్నప్పుడూ, పరిగెడుతున్నప్పుడూ తీయండి. ఒక్కటే షరతు, "సరిగ్గా నడువమ్మా" అని మాత్రం అనకండి. అంటే ఆ రెండు నిమిషాలు సరిగ్గానే నడుస్తుంది, మీ వీడియో వృథా.

ఇప్పుడు చుక్కలు చూడండి. నడుస్తున్నప్పుడు ఆ రెండు చుక్కలూ ఒకదానికొకటి ఎదురెదురుగా చూసుకుంటున్నాయంటే మెలి మోకాలికి పైన, తొడ ఎముకలో ఉంది. చుక్కలు తిన్నగా మీ వైపే చూస్తున్నాయి, పాదాలు మాత్రం లోపలికి ఉన్నాయంటే మెలి మోకాలికి కింద, పిక్క దగ్గరి ఎముకలో. చుక్కలూ తిన్నగానే ఉండి, మడమా తిన్నగానే ఉండి, పాదం ముందు సగం మాత్రమే లోపలికి వంగి ఉంటే అది పాదంలోదే. డాక్టర్లు వీటికి వాడే పేర్లు ఎప్పుడైనా చీటీ మీద కనపడితే కంగారు పడకుండా ఉండటానికి చెబుతున్నా: తొడలోదాన్ని ఫీమోరల్ యాంటివెర్షన్ అంటారు, కింది ఎముకలోదాన్ని ఇంటర్నల్ టిబియల్ టార్షన్ అంటారు, పాదంలోదాన్ని మెటాటార్సస్ అడక్టస్ అంటారు. పేర్లు వినడానికి భయపెడతాయి గానీ మూడింటిలోనూ ఎక్కువ భాగం వాటంతటవే సర్దుకునేవే.

మీ పాప చుక్కలు ఒకదాన్నొకటి చూసుకుంటాయనే నా అంచనా. నాలుగేళ్ల వయసు, ఆడపిల్ల, రెండు కాళ్లకీ ఒకేలా ఉండటం, ఇంట్లో ఇంకొకరికి చిన్నప్పుడు ఉండటం, ఆ కూర్చునే తీరు, అన్నీ తొడ ఎముక వైపే చూపిస్తున్నాయి. ఆ ఎముకకి పైన తుంటి గిన్నెలోకి వెళ్లే మెడ ఒకటి ఉంటుంది, కింద మోకాలు ఉంటుంది. ఈ రెండూ ఒకే వరసలో ఉండవు, మధ్యలో ఎముక కాస్త మెలి తిరిగి ఉంటుంది, తడిబట్టని ఒక్క పిసరు పిండి వదిలేసినట్టు. పుట్టినప్పుడు ఈ మెలి అందరికీ ఎక్కువే, సుమారు 40 డిగ్రీలు. ఎదిగేకొద్దీ విడుతూ పెద్దయ్యేసరికి 15 డిగ్రీల దగ్గరికి వస్తుంది. కొందరు పిల్లల్లో అది విడటం కాస్త నెమ్మది, లేదా మొదటే కాస్త ఎక్కువ. అలాంటి పిల్లకి ఆ మెడ చివరన ఉండే గుండు తుంటి గిన్నెలో కుదురుగా కూర్చోవాలంటే కాలు మొత్తాన్ని లోపలికి తిప్పుకోవాలి. అలా తిప్పుకుని నడుస్తుంది. అంటే ఆ పిల్ల తప్పుగా నడవట్లేదు, ఆ ఎముకతో ఎలా నడవాలో అలాగే నడుస్తోంది.

"నడక వచ్చిన కొత్తలో ఇంత లేదు, ఏడాదిగా ఎక్కువైంది" అన్నారు. చాలామందిని హడలగొట్టేది ఇదే, రోజురోజుకీ ముదిరిపోతోందనుకుంటారు. నిజానికి మెలి పెరగలేదు. కడుపులో అన్నాళ్లు మడుచుకుని ఉండటం వల్ల, పుట్టాక కూడా కొన్నాళ్లు పసిపిల్లల తుంటి చుట్టూ ఉండే కండరాలూ కీలు పొరలూ కాలిని బయటికి తిప్పి బిగపట్టి ఉంచుతాయి. పసిపిల్లలు పడుకున్నప్పుడు కప్పలా కాళ్లు బయటికి పరుచుకుని ఉండటం చూసే ఉంటారు. ఆ బిగువు లోపలి మెలిని కప్పేస్తుంది. రెండేళ్లు, మూడేళ్లు వచ్చేసరికి ఆ బిగువు వదులుతుంది, అంతకాలం దాగిన మెలి బయటపడుతుంది. అందుకే ఇది సాధారణంగా మూడు, నాలుగేళ్లకి పైకి తేలి, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య బాగా కొట్టొచ్చినట్టు కనపడి, అక్కడి నుంచి ఎనిమిది, పదేళ్ల దాకా మెల్లమెల్లగా తగ్గుతుంది. మీరిప్పుడు సరిగ్గా ఎక్కువ కనపడే వయసులో ఉన్నారు, వచ్చే ఏడాది ఇంకాస్త కనపడినా గాభరా పడకండి.

ఇక ఆ కూర్చోవడం. మోకాళ్లు ముందుకి, పిర్రలు నేలకి, పాదాలు చెరో వైపుకి, పైనుంచి చూస్తే ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా. అలా కూర్చోబట్టే కాళ్లు పాడైపోయాయని మీకు ఈపాటికి పదిమంది చెప్పి ఉంటారు. తిరగేసి చూడండి. పాపని బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ల దగ్గర కాళ్లు పైకి మడిచి, రెండు పాదాల్నీ నెమ్మదిగా చెరో పక్కకి వాలనివ్వండి. తోయకండి, వాటంతట అవి ఎంత వాలితే అంత. మెలి ఎక్కువున్న పిల్లల్లో అవి మంచానికి దాదాపు ఆనేలా వాలిపోతాయి. అదే పాదాల్ని రెండోవైపుకి, అంటే ఒకదాన్ని దాటి ఇంకొకటి పోయేట్టు తిప్పితే కొద్దిగా వెళ్లి ఆగిపోతాయి. అలాంటి తుంటితో బాసింపట్టు వేసుకుని కూర్చోమంటే పిల్లకి కష్టం, డబ్ల్యూలా కూర్చోవడం హాయి. మెలి ఉండబట్టి అలా కూర్చుంటోంది తప్ప, అలా కూర్చోబట్టి మెలి రాలేదు. ఈ కూర్చోవడాన్ని మానిపిస్తే మెలి తొందరగా విడుతుందనడానికి ఆధారం ఏమీ లేదు. మరీ చూడలేకపోతే చిన్న పీట వేయండి, దానిమీద కూర్చుని ఆడుకుంటుంది, గొడవ వదిలిపోతుంది. రోజుకి ఇరవైసార్లు "కాళ్లు తియ్యి, కాళ్లు తియ్యి" అనడం మాత్రం మానేయండి.

దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా. ఒకసారి ఐదేళ్ల పాపని తీసుకొచ్చారు. నడిచి చూపించమ్మా అన్నాను. వాళ్ల నాన్న ముఖంలోకి చూస్తూ, రెండు పాదాలూ బయటికి తిప్పి, బిర్రబిగుసుకుపోయి, తాడు మీద నడుస్తున్నట్టు ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. "చూశారా, చెబితే నడుస్తుంది, బద్ధకం అంతే" అన్నారాయన. నేను బంతి ఒకటి మూలకి దొర్లించాను. పాప నాన్నని మర్చిపోయి, పాదాలు ఎప్పట్లా లోపలికి పెట్టి, కాళ్లు పక్కలకి విసురుకుంటూ పరిగెత్తి బంతి పట్టుకుంది. పట్టుకున్నాక ఆయన వైపు చూసి, గబుక్కున పాదాలు మళ్లీ బయటికి తిప్పేసుకుంది. నాకు ఆ పిల్ల ఎముక గురించి బెంగ కలగలేదు గానీ, ఆ చూపు గురించి కలిగింది. మెలి ఎముకలో ఉంటే మందలింపుతో విడదు, పిల్ల మాత్రం నలుగురి ముందు పరిగెత్తడం మానేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఈ ఒక్కటీ చెప్పి పెట్టండి, నడక గురించి పాప వినేట్టు మాట్లాడొద్దని.

మరి పడిపోవడం సంగతేమిటంటారా. వెనక కాలు ముందుకి వచ్చేటప్పుడు దాని వేళ్లు రెండో కాలి మడమకో పిక్కకో తగులుతాయి, పడుతుంది. సాయంత్రానికి అలిసిపోతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే పొద్దున కాలిని కాస్త అదుపులో పెట్టుకున్న కండరాలు అప్పటికి చేతులెత్తేస్తాయి. అయితే నాలుగేళ్ల పిల్లలు ఏ మెలీ లేకపోయినా పడతారని కూడా గుర్తుంచుకోండి. నడక మీద పట్టు చిక్కేకొద్దీ పడటం తగ్గుతుంది, అందుకోసం పాదం పూర్తిగా తిన్నగా అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఎదిగే పిల్లే కదా అని ఒక సైజు పెద్ద బూట్లు కొంటుంటే మాత్రం అది మానేయండి, ముందు ఖాళీగా వేలాడే బూటు ముక్కు తన్నుకుని పడేవాళ్లే ఎక్కువ. సరిగ్గా పట్టే, అడుగు సులువుగా వంగే మామూలు బూట్లు చాలు. ఇంట్లో ఒట్టి కాళ్లతో తిరగనివ్వండి.

ఇక బూట్ల వైద్యం. కుడి చెప్పు ఎడమకి వేస్తే పాదం బయటికి తిరిగినట్టు కనపడుతుంది. తిరిగింది చెప్పు, పాదం కాదు. లోపల వేళ్లు ఇరుక్కుని నలుగుతాయి, అసలే పడే పిల్ల ఇంకా పడుతుంది. అత్తగారి మాట తీసేయడం కష్టమైతే డాక్టర్ వద్దన్నారని నా మీదకి తోసేయండి, నాకేం ఫర్వాలేదు.

రాడ్ బూట్లది వేరే కథ. రెండు బూట్లనీ బయటికి తిప్పి మధ్యలో ఇనప పట్టీకి బిగిస్తారు. ఒకప్పుడు ఈ తిరుగుడు నడకకి డాక్టర్లే వీటిని రాసేవాళ్లు, తొడ నుంచి బూటు దాకా తీగలు కట్టేవాళ్లు, బూటు అడుగున ఒక పక్క ఎత్తు పెట్టించేవాళ్లు. తర్వాత వేసిన పిల్లల్నీ వేయని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఒకేలా బాగయ్యారు. కారణం ఆలోచిస్తే సులువే. పాదాన్ని పట్టి తిప్పితే ఆ బలం ముందు పడేది చీలమండ మీద, తర్వాత మోకాలి మీద. కీళ్లు కదిలేవి కాబట్టి అవి తిరిగిపోతాయి, ఎముక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రాత్రంతా కాళ్లు కట్టేసి పడుకోబెట్టిన పుణ్యానికి పిల్లకీ నిద్ర ఉండదు, మీకూ ఉండదు.

మరి చుట్టాలబ్బాయికి ఎలా తగ్గింది? రెండే దారులు. ఒకటి, బూట్లు వేసుకున్న ఆ రెండేళ్లలో వాడు ఎలాగూ రెండేళ్లు ఎదిగాడు, తగ్గాల్సింది తగ్గింది, పేరు బూట్లకి వచ్చింది. తన కోడి కూయకపోతే, తన కుంపటి రాజుకోకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథే. రెండోది, ఆ అబ్బాయిది అసలు ఇది కాకపోయి ఉండొచ్చు, క్లబ్ ఫుట్ అయి ఉండొచ్చు. ఇక్కడ ఆగి చదవండి, ఈ సమాధానం చదివే ఇంకెవరి ఇంట్లోనైనా క్లబ్ ఫుట్ పిల్లలుంటే వాళ్లకి ఇది ముఖ్యం. క్లబ్ ఫుట్ అంటే పుట్టుకతోనే పాదం మొత్తం కిందికీ లోపలికీ తిరిగి, మడమ పైకి లేచి, చేత్తో సరిచేద్దామన్నా రాకుండా బిగుసుకుని ఉంటుంది. పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఇంచుమించు ఒకరికి ఉంటుంది. దానికి ఇగ్నాసియో పొన్సేటి అనే డాక్టర్ అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో రూపొందించిన పద్ధతినే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. వారం వారం పిండికట్టు మారుస్తూ పాదాన్ని కొద్దికొద్దిగా సరైన వైపుకి తెస్తారు, చాలామందికి మడమ వెనక, పిక్క కండరాన్ని మడమకి కలిపే తాడులాంటి పట్టీని (టెండన్) చిన్న గాటుతో వదులు చేస్తారు, ఆ తర్వాత మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, అక్కడి నుంచి నిద్రపోయేటప్పుడు, నాలుగైదేళ్ల వయసు దాకా ఈ రాడ్ బూట్లే వేస్తారు. అక్కడ ఆ బూట్లు పాదాన్ని తిప్పడానికి కాదు, కట్లతో తిరిగిన పాదం మళ్లీ వెనక్కి పోకుండా కాపలా. వాటిని మధ్యలో మానేస్తే పాదం మళ్లీ వంకరపోతుంది. కాబట్టి క్లబ్ ఫుట్ పిల్లలకి ఆ బూట్లు తప్పనిసరి, మీ పాపకి అనవసరం. బూటు ఒకటే, జబ్బు వేరు.

బాబు సంగతికి వద్దాం, ఎందుకంటే మీరు పాప గురించి పేజీ నిండా రాసి బాబుని ఒక్క లైన్‌లో సరిపెట్టారు గానీ, ముందు చూపించాల్సింది బాబునే. వాడు ఆడుకుంటున్నప్పుడు ఎడమ పాదాన్ని అడుగు వైపు నుంచి చూడండి. మడమ మధ్య నుంచి ముందుకి తిన్నగా ఒక గీత ఊహించుకుంటే అది మామూలు పాదంలో రెండో వేలు, మూడో వేలు మధ్యకి పోతుంది. వంగిన పాదంలో ఆ గీత చిటికెన వేలి వైపుకి జరుగుతుంది, పాదం బయటి అంచు తిన్నగా ఉండక జీడిపప్పులా వంపు తిరిగి ఉంటుంది. ఇప్పుడు ఒక చేత్తో మడమని కదలకుండా పట్టుకుని, రెండో చేతి వేలితో బొటనవేలి మొదలు దగ్గర నుంచి పాదం ముందు భాగాన్ని నెమ్మదిగా బయటికి జరపండి. తిన్నగా అయ్యి, ఇంకా కాస్త బయటికి కూడా వస్తే మెత్తటి పాదం, దిగులు లేదు. బయటి అంచు మీద వేలితో చక్కిలిగిలి పెడితే కొందరు పిల్లలు తామే పాదాన్ని తిన్నగా చాపేస్తారు, అది ఇంకా మంచి గుర్తు. ఇలాంటి పాదాల్లో చాలా ఎక్కువ భాగం మొదటి పుట్టినరోజు నాటికో, నడక వచ్చాక ఇంకొన్నాళ్లకో ఏ వైద్యం లేకుండానే తిన్నబడతాయి.

తిన్నగా రాకుండా మధ్యలోనే గట్టిగా ఆగిపోతే, లేదా పాదం లోపలి అంచున అడ్డంగా లోతైన ముడత కనపడితే, అది బిగుసుకున్న పాదం. దాన్ని 'చూద్దాంలే' అని వదలకూడదు. పిండికట్లు వేసి, వారానికో రెండు వారాలకో మారుస్తూ సరిచేస్తారు, అది నడక రాకముందు, ఏడాది లోపే బాగా పనిచేస్తుంది. అందుకే బాబు విషయంలో ఐదు నెలలంటే మంచి సమయం, ఏడాదిన్నర అంటే ఆలస్యం. ఒక్క పాదానికే ఉండటం గురించి భయపడకండి, ఈ పాదం వంపు ఒక వైపే రావడం మామూలే. డాక్టర్ ఎలాగూ తుంటి కూడా ఒకసారి కదిపి చూస్తారు. మీరు మాత్రం నూనె రాసి పాదాన్ని బలంగా వంచడం, ఎవరిచేతనైనా తోమించడం చేయకండి, గట్టిగా వంచితే బాగుపడేదేమీ లేదు, మధ్య కీళ్లకి దెబ్బ.

మూడోది, పిక్క దగ్గరి ఎముక మెలి, మీ ఇంట్లో లేదు కాబట్టి తొందరగా చెప్పేస్తా. అది నడక మొదలెట్టిన ఏడాది, రెండేళ్ల పిల్లల్లో కనపడుతుంది, కొంచెం దొడ్డికాళ్లలా కూడా అనిపిస్తుంది, నాలుగైదేళ్లకల్లా చాలామందికి పోతుంది.

"ఎముకలు ముదిరిపోతే ఇక తిరగవు" అన్న మాట. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతని ఎవరో మీ పాప కాళ్లకి అంటించారు. ఇక్కడ అది కుదరదు. ఎవరూ వంచనక్కర్లేకుండా, ఎదిగేకొద్దీ ఎముక తనంతట తను మెలి విప్పుకుంటుంది, నాలుగేళ్లకి ఆ పని సగంలో కూడా లేదు. 1985లో అమెరికాలో లిన్ స్టహేలీ అనే పిల్లల ఎముకల డాక్టర్, ఆయన తోటివాళ్లు కలిసి ఏ జబ్బూ లేని పిల్లలవీ పెద్దవాళ్లవీ కలిపి 1000 కాళ్లు కొలిచారు, ఏ వయసులో ఎంత తిరిగి ఉండటం మామూలు అన్నది తేల్చడానికి. మామూలు అనే గీత ఎంత వెడల్పో అప్పుడు తెలిసింది. ఇప్పటికీ డాక్టర్లు పిల్లల్ని బోర్లా పడుకోబెట్టి తుంటి ఎంత తిరుగుతుంది, తొడకీ పాదానికీ మధ్య కోణం ఎంత, పాదం అంచు ఎలా ఉంది అని చూసేది ఆ కొలతలతోనే.

అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్తే అక్కడ జరిగేది చూసి కొంచెం నిరాశ పడతారేమో, ముందే చెబుతున్నా. వరండాలో అటూ ఇటూ నడిపిస్తారు, పరిగెత్తిస్తారు, బోర్లా పడుకోబెట్టి కాళ్లు తిప్పి చూస్తారు, కాళ్ల బిగువు చూస్తారు. ఎక్స్‌రే కూడా చాలాసార్లు అవసరం పడదు, ఆపరేషన్ ఆలోచన ఉంటే తప్ప సీటీ స్కాన్ అక్కర్లేదు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ తీసుకురండి అంటారు. మందు రాయలేదు, బూటు రాయలేదు, ఏం డాక్టరో అనుకుంటూ బయటికొచ్చేవాళ్లు నాకు తెలుసు. ఏమీ రాయని డాక్టర్ మీకు మంచే చేశారు. వ్యాయామాల గురించి కూడా అడుగుతారు. ఈత, సైకిలు, డ్యాన్సు, ఏది ఇష్టమైతే అది నేర్పించండి, తూకం కుదురుతుంది, సరదాగా ఉంటుంది, కానీ ఎముక మెలి దాంతో విడుతుందని ఎవరైనా ఫీజు తీసుకుంటుంటే నమ్మకండి.

ఇంత ధైర్యం చెప్పాను కదా అని ఏ పిల్లనైనా వదిలేయమని కాదు. కొన్ని కనపడితే వయసుతో పనిలేకుండా వెంటనే చూపించాలి. పాప కుంటుతోందా, కాలు నొప్పి అని రాత్రి లేచి ఏడుస్తోందా, ఒక కాలు మాత్రమే లోపలికి తిరుగుతోందా, ఒక కాలు పొట్టిగా అనిపిస్తోందా. నిన్నటిదాకా బాగా నడిచి ఇప్పుడు నడక చెడితే అది మెలి కాదు, వేరే ఏదో. ఎప్పుడూ మునివేళ్ల మీదే నడవడం, కాళ్లు కర్రల్లా బిగుసుకుని ఉండటం, నెలలు నిండకుండా పుట్టి నడక బాగా ఆలస్యం కావడం, ఏడాది కూడా నిండకముందే ఒకే చేత్తో అన్నీ అందుకుంటూ రెండో చేతిని పిడికిలి బిగించి పక్కన పెట్టేయడం, ఇవన్నీ మెదడుకీ కండరాలకీ సంబంధించిన సంగతులు కావచ్చు. మూడేళ్లు దాటినా కాళ్లు విల్లులా వంగి ఉండి, పిల్ల ఎత్తు పెరగక, మణికట్లు లావుగా ఉంటే విటమిన్ డి తక్కువై వచ్చే రికెట్స్ ఏమో చూడాలి. మీ పాపకి వీటిలో ఏదీ ఉన్నట్టు మీరు రాయలేదు. రాయడం మర్చిపోయి ఉంటే మాత్రం ఈ పేరా మళ్లీ చదవండి.

ఒకవేళ తగ్గకపోతే అనే మాట కూడా దాచను. కొందరిలో మెలి పూర్తిగా విడదు, పెద్దయ్యాక కూడా పాదాలు కాస్త లోపలికే పడతాయి. వాళ్లు మామూలుగా బతుకుతారు, ఆడతారు. స్కూలు పిల్లల పరుగు వేగం కొలిచి చూస్తే పాదాలు లోపలికి పెట్టేవాళ్లు మిగతావాళ్ల కన్నా ఏమీ వెనకబడలేదు. పెద్దయ్యాక తుంటి అరిగిపోతుందనే భయానికి కూడా గట్టి ఆధారం లేదు. ఎనిమిది, పదేళ్లు దాటాక కూడా మెలి బాగా ఎక్కువగా ఉండి, పిల్ల పదేపదే పడిపోతూ, నడవడమే కష్టమవుతుంటే, అప్పుడు ఆపరేషన్ ఉంది. తొడ ఎముకని కోసి, తిప్పి, ప్లేటుతోనో రాడ్‌తోనో బిగిస్తారు. చిన్న విషయం కాదు, అందుకే అది అవసరమయ్యేదాకా వచ్చే పిల్లలు చాలా చాలా తక్కువ. నాలుగేళ్ల పిల్లకి ఆ మాట ఎవరైనా ఎత్తితే ఇంకో డాక్టర్‌ని అడగండి.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది ఇదీ. చుక్కల వీడియో ఈ వారం తీసి తేదీతో సహా దాచుకోండి, మళ్లీ ఆరు నెలలకి అదే గదిలో, అదే ఎత్తులో ఇంకోటి తీయండి. రోజూ చూసే కళ్లకి మార్పు తెలియదు, రెండు వీడియోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. రాడ్ బూట్లు ఇంకా కొనకపోతే కొనకండి. బాబు పాదాన్ని నేను చెప్పినట్టు కదిపి చూడండి, బిగువుగా అనిపిస్తే ఈ పది రోజుల్లోనే పిల్లల ఎముకల డాక్టర్‌కి చూపించండి, మెత్తగా అనిపించినా తర్వాతి టీకాకి వెళ్లినప్పుడు పిల్లల డాక్టర్ చేత ఒకసారి పట్టి చూపించుకోండి. ఎలాగూ వెళ్తారు కాబట్టి పాపని కూడా తీసుకెళ్లండి, పొడుగు గౌను కాకుండా పొట్టి నిక్కరు వేసి.